కార్యక్రమం అయిపోయాక సేవా బృందాన్ని ఉంచాలా, రద్దు చేయాలా?

మధ్యబెంచి

ముందు విషయం చెప్పేస్తాను. ఒక గురువుగారి రెండు రోజుల ప్రవచనాలకు మేము నలభై రెండు మంది కలిసి ఏర్పాట్లు చేశాం. ఆయన పేరు రాయను. రాస్తే చర్చ ఆయన మీదికి మళ్లుతుంది, నా ప్రశ్నేమో మా గురించి. హాలు, మైకు, కుర్చీలు, ఆయన బస, ప్రయాణం, వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, పెద్దవాళ్లను మెట్లెక్కించడం, అన్నీ మేమే చూసుకున్నాం. బాగా జరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, మైకు ఒక్కసారే మొరాయించింది.

మూడు నెలలైంది. మా వాట్సాప్ గ్రూపు ఇంకా అలాగే ఉంది. పొద్దున లేస్తే శుభోదయాలు, పూల బొమ్మలు. పోయిన వారం ఆయన కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. మీ బృందాన్ని శాశ్వత శాఖగా మార్చండి, అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఉండాలి, వచ్చే ఏడాది గురువుగారు మళ్లీ వస్తారు అన్నారు. సగం మంది సంబరపడ్డారు. మిగతా సగం "మేమొచ్చింది ఆ రెండు రోజుల పని కోసం, శాఖ పెట్టడానికి కాదు" అంటున్నారు. నేను ఈ రెండో సగంలో ఉన్నాను. అధ్యక్షురాలిగా ఉండమంటున్నది మాత్రం నన్నే!

నా వాదన ఇదీ. పని కోసం కూడిన బృందం పని అవగానే విడిపోవాలి. మొదటి నెలలో మేం కుర్చీల లెక్క మాట్లాడుకున్నాం. ఇప్పుడు వచ్చే ఏడాది ముందు వరుసలో ఎవరు కూర్చోవాలో మాట్లాడుకుంటున్నాం. జిడ్డు కృష్ణమూర్తి గుర్తుకొస్తున్నారు. ఆయన జగద్గురువు అవుతారని 1911లోనే ఆయన కోసం ఒక సంఘం పెట్టారు. పద్దెనిమిదేళ్లు దాన్ని పెంచారు. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్ శిబిరంలో, సుమారు మూడు వేలమంది సభ్యుల ఎదుట, ఆ సంఘం వెనకున్న దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షురాలు అనిబిసెంట్ కూర్చుని వింటుండగా, దాన్ని ఆయనే రద్దు చేశారు. విరాళంగా వచ్చిన భూములు ఇచ్చినవాళ్లకే తిరిగిచ్చేశారు. అంతటివారే వద్దనుకున్న శాఖ మనకెందుకు?

అనుమానం

పెళ్లయ్యాక పందిరి పీకేస్తారు. పందిరికి అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నవాళ్లను నేనింతవరకూ చూళ్లేదు.

పాతకాపు

పందిరి పోలిక బాగుంది అనుమానం గారూ. కానీ ప్రతి పెళ్లికీ కొత్తవాడే పందిరి వేస్తే, ఎప్పుడో ఒకసారి నెత్తిన పడుతుంది.

మధ్యబెంచి గారు 1929 దగ్గర ఆగిపోయారు. తర్వాతి కథ కూడా చెప్పుకోవాలి కదండీ. సంఘాన్ని రద్దు చేశాక కూడా కృష్ణమూర్తి యాభై ఆరేళ్లకు పైగా ఊరూరా తిరిగి మాట్లాడారు. స్విట్జర్లాండులోని సానెన్‌లో 1961 నుంచి 1985 దాకా ఏటా వేసవిలో సభలు జరిగాయి. పెద్ద డేరా వేసేవారు, వేర్వేరు దేశాల జనం వచ్చేవారు. ఆ డేరా దానంతటదే లేచిందంటారా? స్థలం మాట్లాడింది ఎవరు, కుర్చీలు వేసింది ఎవరు, ప్రసంగాలు రికార్డు చేసింది ఎవరు? ఆయన వద్దన్నది తన చుట్టూ పీఠం, శిష్యగణం, పదవులు. టెంటు వేసేవాణ్ణి వద్దనలేదు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను, రకరకాల గురువుల కార్యక్రమాలకు. నాకు పీడకలగా వచ్చేది ముందు వరుస గొడవ కాదు, గేటు. గురువుగారి కారు వచ్చిందన్న కేక వినపడగానే ఏం జరుగుతుందో కొత్తవాళ్లకు తెలియదు. వాలంటీర్లంతా వేదికవైపు పరుగెడతారు. చేతికి పట్టీ కట్టుకున్నవాడే మొదట పరుగెత్తుతాడు. ఆ క్షణంలో గేటు దగ్గర ఎవరూ ఉండరు, వెనకనుంచి వచ్చే జనానికి ముందు ఏమవుతోందో కనపడదు. చదరపు మీటరులో నలుగురు నిలబడితే ఇరుకుగా ఉన్నా ఫరవాలేదు. ఆరుగురు దాటితే మనిషి తన కాళ్ల మీద తాను నడవలేడు, జనం ఎటు తోస్తే అటు పోతాడు. అక్కడ ప్రాణాలు పోయేది ఎక్కువగా కాళ్లకింద పడి కాదు, నిలబడే ఊపిరాడక.

2024 జూలై 2న ఉత్తరప్రదేశ్‌లోని హాత్రస్ సత్సంగంలో తొక్కిసలాట జరిగి 121 మంది పోయారు. ఎనభై వేల మందికని అనుమతి తీసుకున్నారు, రెండున్నర లక్షల మంది దాకా వచ్చారని పోలీసులు చెప్పారు. ఎఫ్‌ఐఆర్‌లో ఎవరి పేరు రాశారో చూడండి. ముఖ్య సేవాదారు, నిర్వాహకులు. ప్రవచనం చెప్పినాయన పేరు అందులో లేదు. కాబట్టి అధ్యక్షురాలి కుర్చీ వద్దు అంటే సరిపోదు మేడం. హాలుకు దరఖాస్తు మీద సంతకం పెట్టింది మీరే అయితే ఆ కుర్చీలో ఇప్పటికే కూర్చున్నారు.

నా మాట ఒక్కటే: అనుభవం ఉన్నవాళ్లను చెదరగొట్టకండి.

తూర్పుగాలి

పాతకాపు గారు చెప్పిన గేటు సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. మా దగ్గర దానికో మందు కనిపెట్టాం. గేటు దగ్గర గురువుగారి భక్తులను పెట్టం. ఆయనంటే ప్రత్యేకమైన ఆసక్తి లేనివాళ్లను, అంటే ఆఫీసు స్నేహితులను, కాలేజీ పిల్లలను బతిమాలి తెచ్చి పెడతాం. కారు వచ్చినా వాళ్లు కదలరు, ఫోన్ చూసుకుంటూ అక్కడే ఉంటారు. నవ్వొస్తుంది గానీ, మా కార్యక్రమాల్లో గేటు ఖాళీ కానిది వాళ్ల వల్లే.

అందుకే "మా గురువుగారిని నమ్మినవాళ్లకే సేవ" అనే శాఖ పద్ధతి నాకు ఇష్టం లేదు. శాఖ అయిన మరుక్షణం సభ్యత్వం వస్తుంది. సభ్యత్వం వస్తే బయటివాళ్లు పోతారు, వాళ్లతోపాటు మా గేటు పోతుంది.

ఒకటో_మెట్టు

తూర్పుగాలి అక్కా, దీనికి పూర్తిగా ఎదురుగా నడిచే పద్ధతి కూడా ఉంది, చక్కగా నడుస్తోంది. గోయెంకా గారి విపశ్యన ధ్యాన కేంద్రాలు చూడండి. పది రోజుల కోర్సుకు ఫీజు లేదు. కనీసం ఒక కోర్సు పూర్తి చేసినవాళ్ల దగ్గరే విరాళం తీసుకుంటారు. సేవ చేయాలన్నా పది రోజుల కోర్సు చేసి ఉండాలి. బోధించేవాళ్లకూ జీతం లేదు. 1969లో ఆయన భారతదేశంలో మొదలుపెట్టారు, 2013లో పోయారు, ఆ తర్వాతా కోర్సులు ఆగలేదు. లోపల కూర్చున్న కష్టం తెలిసినవాడు బయట తలుపు చప్పుడు కాకుండా వేస్తాడు. తెలియనివాడు తలుపు దభాలున వేస్తాడు. నేను రెండుసార్లు సేవకు వెళ్లాను, అక్కడ నాకు ఎవరూ పదవి ఇవ్వలేదు. కోర్సు అయ్యాక ఇంటికొచ్చేశాను.

తూర్పుగాలి

తమ్ముడూ, అక్కడ వంద మంది పది రోజులు మౌనంగా కూర్చుంటారు. ఇక్కడ మూడు వేల మంది రెండు గంటల్లో లోపలికొచ్చి బయటికి పోవాలి. తలుపు చప్పుడు నా సమస్య కాదు, తలుపు తెరుచుకోవడం నా సమస్య. అయినా కోర్సు అవగానే ఇంటికొచ్చేశానన్నారే, ఆ మాట మధ్యబెంచి గారి పక్షాన పడుతుంది.

రశీదుపుస్తకం

అందరూ పెద్ద మాటలు మాట్లాడుతున్నారు, డబ్బు ఊసెత్తడం లేదు. ఖర్చులు పోగా ఎంతో కొంత మిగిలే ఉంటుంది. అది ఎవరి ఖాతాలో ఉంది?

నా అనుభవంలో బృందాలు విరిగిపోయేది సిద్ధాంతాల దగ్గర కాదు, మిగులు దగ్గర. పని నడిచినంతకాలం ఎవరూ అడగరు. అయిపోయిన ఆరు నెలలకు "ఆ మిగిలింది ఏమైంది" అని ఒకరు మెల్లగా అంటారు. డబ్బు ఎవరి ఖాతాలో ఉందో ఆ మనిషి నిజాయితీపరుడే, కానీ రశీదులు ఇంట్లో ఏదో సంచిలో ఉంటాయి. అప్పటినుంచి ఎదురుపడితే తల తిప్పుకుంటారు.

మీరే తెచ్చారు కాబట్టి కృష్ణమూర్తి కథలోనే ఇది కూడా ఉంది. ఆయన ప్రసంగాల ప్రచురణ, ఆస్తులు చూసుకున్న పాత సంస్థతో 1968లో ఆయన తెగతెంపులు చేసుకోవాల్సి వచ్చింది. కొత్త ఫౌండేషన్ పెట్టుకున్నారు. పాతదాంతో గొడవ కోర్టుకెక్కి ఏళ్లతరబడి నడిచింది. పీఠం వద్దన్న మనిషికే ఆ తలనొప్పి తప్పలేదు. లెక్క చూపడం అనేది ఒక పని, దానికీ మనిషి కావాలి. బృందాన్ని రద్దు చేయండి, చేయకపోండి, ముందు ఖర్చు వెచ్చాల కాగితం గ్రూపులో పెట్టండి. ప్రతి విరాళం, ప్రతి బిల్లు. మిగిలింది ఇచ్చినవాళ్లను అడిగి తీర్మానించండి. అది పెట్టిన రోజున శాఖ కావాలన్నవాళ్లలో కొందరికి ఉత్సాహం తగ్గుతుంది, చూడండి.

అనుమానం

రశీదుపుస్తకం గారికి దండం.

పాతకాపు గారికి ఒక ప్రశ్న. వాలంటీర్లు వేదికవైపు పరుగెత్తకుండా మీరేం చేస్తారు?

పాతకాపు

ముందురోజు సాయంత్రం వాళ్లకు విడిగా అరగంట ఇప్పిస్తాం. గురువుగారు వాళ్ల మధ్య కూర్చుంటారు, ప్రశ్నలు అడుగుతారు, నమస్కారం చేసుకుంటారు. ఆ తీపి తీరిపోతుంది. మర్నాడు గేటు వదలరు.

అనుమానం

అదిగో, దొరికింది. ఆ అరగంటే విత్తనం. మొదటి ఏడు వాలంటీర్లకు అరగంట. రెండో ఏడు వాలంటీర్ల ఇంటివాళ్లకు. మూడో ఏడు "మావాడికి ఉద్యోగం కోసం ఆశీర్వాదం కావాలి, మీ కార్యదర్శి గారితో చెప్పండి". నాలుగో ఏడు కార్యదర్శి గారి గుమ్మం ముందు జనం. గురువుగారికి ఇదేమీ తెలియదు, ఆయన మంచివారే. గుళ్లో దేవుడికంటే పూజారి దగ్గర క్యూ పొడుగ్గా ఉండటం ఇలాగే మొదలవుతుంది.

పాతకాపు

కాదనను. చూశాను కూడా. కానీ అరగంట ఇవ్వకపోతే గేటు ఖాళీ అవుతుంది, ఇస్తే గుమ్మం ముందు క్యూ వస్తుంది. రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోమంటే నేను క్యూనే ఎంచుకుంటాను. క్యూలో ఎవరూ చచ్చిపోరు.

చిన్నమాట

చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

తొమ్మిదేళ్లుగా ఒక బృందంలో ఉన్నాను. ఇన్నేళ్లలో ఒక్క ప్రవచనం మొదటినుంచి చివరిదాకా వినలేదు. పార్కింగులోనో, మంచినీళ్ల దగ్గరో, తప్పిపోయిన పిల్లల బల్ల దగ్గరో ఉంటాను. సేవే సాధన అన్నారు, సరే అనుకున్నాను, కొన్నేళ్లు నిజంగానే అనిపించింది కూడా. కానీ ఒక సంగతి గమనించాను. మైకు, వేదిక, వచ్చిన పెద్దమనుషులను తీసుకురావడం ఎప్పుడూ మగవాళ్లకే. పూలు, ముగ్గు, ఆహ్వానం బల్ల మాకు. ప్రతి ఏడాది కొత్త బృందమైతే కనీసం "ఈసారి మైకు నాకివ్వండి" అని అడిగే వీలుండేది. శాశ్వత శాఖలో నా చోటు కూడా శాశ్వతమైపోయింది.

పాతకాపు గారూ, అనుభవం చెదరకూడదన్నారు. తొమ్మిదేళ్లలో నాకు వచ్చిన అనుభవం పార్కింగు మాత్రమే.

పాతకాపు

దీనికి నా దగ్గర జవాబు లేదమ్మా.

ఒకటో_మెట్టు

ఇంకొక ఉదాహరణ చెబుతాను, ఎవరి వాదానికి పనికొస్తుందో మీరే చూడండి. 1893లో వివేకానందస్వామి షికాగో వెళ్లడానికి మద్రాసు కుర్రాళ్లు ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేశారు. వాళ్ల ముందు నడిచింది అలసింగ పెరుమాళ్ అనే బడి పంతులు. అప్పటికి మఠం అండ లేదు, మిషన్ లేదు, రామకృష్ణ మిషన్ వచ్చిందే 1897లో. అంటే పదవులు లేని తాత్కాలిక బృందం ఎంత పెద్ద పనైనా చేయగలదన్నమాట.

రశీదుపుస్తకం

సగమే చెప్పారు. ఆ అలసింగ పెరుమాళే 1895లో బ్రహ్మవాదిన్ పత్రిక మొదలుపెట్టి నడిపారు. స్వామీజీ ఓడ ఎక్కగానే ఎవరి దారిన వాళ్లు పోలేదు. పని మారింది, మనిషి మిగిలాడు.

అనుమానం

పత్రిక నడిపాడు, స్వామీజీని కలవడానికి పాసులు పంచలేదు.

మధ్యబెంచి

అందరికీ ధన్యవాదాలు. నిన్న మావాళ్లం కూర్చున్నాం, రెండున్నర గంటలు పట్టింది. ఏం అనుకున్నామో రాస్తాను.

శాఖ పెట్టడం లేదని కేంద్రానికి చెప్పేశాం. వాళ్లు నొచ్చుకున్నారు, మర్యాదగానే. లెక్క మొత్తం గ్రూపులో పెట్టాం. ఒక బిల్లు దొరకలేదు, దొరకలేదనే రాశాం. మిగిలిన డబ్బు గురించి ఇచ్చినవాళ్లను అడుగుతున్నాం. ఆదివారం రాత్రి గ్రూపు మూసేస్తాం. పూల బొమ్మలవాళ్లు వేరే గ్రూపు పెట్టుకుంటారట, వాళ్లిష్టం.

పాతకాపు గారి మాట మాత్రం నా నిద్ర చెడగొట్టింది. హాలు దరఖాస్తు మీద సంతకం నాదే, నిజం. అందుకని ఆరుగురం ఒక నోటుబుక్కు రాస్తున్నాం. ఏ గేటు ఎంత వెడల్పు, కార్యక్రమం అయ్యాక ఏ వరుసను ముందు లేపాలి, గురువుగారి కారు జనానికి ఎదురురాకుండా ఎటునుంచి పోవాలి, మొదటిరోజు ఎక్కడ తోపులాట మొదలై ఆగింది, అన్నీ. (అది ఆగింది కాబట్టి "బాగా జరిగింది" అని మొదట రాశాను. ఇప్పుడు ఆ మాట రాసేదాన్ని కాదు.) వచ్చే ఏడాది ఎవరు చేసినా ఆ పుస్తకం వాళ్లకిస్తాం. కొత్తగా పిలుస్తాం, పనులు చీటీలు వేసి పంచుతాం. చిన్నమాట గారూ, మైకు కూడా చీటీల్లోనే ఉంటుంది.

అరగంట విషయం తేలలేదు. ఓటు వేస్తే సరిసమానంగా వచ్చింది.

పాతకాపు

నోటుబుక్కు ఆలోచన మంచిది. కాకపోతే తోపులాట ఎలా ఉంటుందో పుస్తకం చదివితే తెలియదు. ఆ ఆరుగురిలో కనీసం ఇద్దరు వచ్చే ఏడాది గేటు దగ్గర నిలబడాలి, పేరు లేకపోయినా సరే. మీరు ఆ ఆరుగురిలో ఉన్నారా?

మధ్యబెంచి

ఉన్నాను. నిలబడతాను.

అనుమానం

ఆరుగురు. రాసిపెట్టుకున్నాను. మూడేళ్ల తర్వాత ఇదే చర్చలో వాళ్లకో పేరు పెట్టారేమో చూస్తాను.

మధ్యబెంచి

అప్పటికే పెట్టేశారండి. నిన్న లేచి వెళ్లేటప్పుడు ఒకావిడ "మన ఆరుగురు" అంది.