యుంబే జిల్లా శరణార్థులకు భూమి ఇచ్చి తప్పు చేసిందా?

చర్చ మొదలుపెట్టినవారు:
ఉగాండా ఉత్తర సరిహద్దున ఉన్న యుంబే పేద జిల్లా. 2016 జూలైలో దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో పోరు మళ్లీ రాజుకుంది. ఆగస్టులో ఇక్కడ బిడిబిడి శిబిరం తెరిచారు. డిసెంబరులో కొత్తవారిని ఆపేసే నాటికి రెండున్నర లక్షల మందికి పైగా చేరారు. ఒక్కో కుటుంబానికి 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు స్థలం. తమకే చాలని చోట ఇలా పంచడం దయే కావచ్చు కానీ వివేకం కాదు.

జవాబు:
మన కొలతల్లో చూడండి. 900 చదరపు మీటర్లంటే సుమారు 22 సెంట్లు. గుడిసె, వంట చోటు, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. మిగిలిన జాగాలో కాస్త ఆకుకూర, నాలుగు బెండ మొక్కలు. పైగా పట్టా లేదు, వాడుకునే హక్కు మాత్రమే. నేల ఇప్పటికీ ఇక్కడి స్థానిక తెగ అయిన అరింగా వంశాలదే, వాళ్లు ఊరికే ఇచ్చారు. యుంబే ఉన్న ఈ వాయవ్య ప్రాంతాన్ని వెస్ట్ నైల్ అంటారు, ఉగాండా నియంత ఈదీ అమీన్‌ది కూడా ఇదే ప్రాంతం. 1979లో ఆయన గద్దె దిగాక కొత్త ప్రభుత్వ సైన్యం పగ తీర్చుకుంటుంటే ఈ వెస్ట్ నైల్ జనమే సూడాన్‌కూ జైర్‌కూ (నేటి కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్) పారిపోయారు. పరాయి నేల మీద తలదాచుకున్న ఆ తరం ఇంకా ఉంది. వాళ్లు చేసిన పనిని అవివేకం అంటే నాకు కష్టంగా ఉంది. బదులుగా బడులు, ఆసుపత్రులు, బోర్లు వస్తాయని వాళ్లు ఆశపడ్డారు, అందులో తప్పేముంది?

చర్చ మొదలుపెట్టినవారు:
మరి చెట్ల సంగతి? అడవి తరిగిపోతోంది, కట్టెల కోసం స్థానికులతో గొడవలు జరుగుతున్నాయి.

జవాబు:
ఈ మాట నిజం. మూడు రాళ్ల పొయ్యి కట్టెను మింగేస్తుంది. వంటచెరకు కోసం ఆడవాళ్లు శిబిరం దాటి వెళ్తే ఆ చెట్టు ఎవరో ఒకరిది అవుతుంది. అయితే రేషన్ కోతను కూడా లెక్కలో వేయండి. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థకు నిధులు చాలక 2020 ఏప్రిల్‌లో 30 శాతం, 2021 ఫిబ్రవరిలో 40 శాతం కోత పెట్టింది. 22 సెంట్లు ఆ లోటు పూడ్చలేవు. గిన్నె ఖాళీ అయిన తల్లి బొగ్గు కాల్చి అమ్మక ఏం చేస్తుంది? భూమి ఇచ్చినవాళ్లు తమ వంతు చేశారు. నిధులిస్తామన్న దేశాలే వెనక్కి తగ్గాయి. నన్నడిగితే ఆ వంశాలకు ఏటా కౌలు కట్టాలి, రాతపూర్వకంగా.

చర్చ మొదలుపెట్టినవారు:
కౌలుకు ఒప్పుకుంటాను. కానీ తిండికే డబ్బివ్వని దాతల దగ్గర అది వసూలు చేసేదెవరు?