సమస్య: ‘కోమ కోమ యనుచుఁ గోరెఁ దల్లి’

సమస్యాదాత: తల్లి తన బిడ్డకు అపస్మారకాన్ని కోరినట్లు వినిపించే ఈ ఆటవెలది పాదానికి స్పానిష్ వ్యాకరణంలో చక్కని సమాధానం ఉన్నది. తినుట అనే అర్థంగల ‘కొమేర్’ క్రియకు, కోరిక, సందేహం వంటి భావాలను తెలిపే క్రియారూపమైన వర్తమాన సబ్జంక్టివ్‌లో కోమ, కోమస్, కోమ, కొమామోస్, కొమాయిస్, కోమన్ అనే రూపాలు ఏర్పడతాయి. ‘ఏర్’, ‘ఈర్’లతో ముగిసే క్రియల ప్రత్యయాలలో అకారం, ‘ఆర్’తో ముగిసే క్రియల ప్రత్యయాలలో ఎకారం రావడమే ఇందులోని సూత్రం. కోరిక, సందేహం, మర్యాదతో కూడిన ఆజ్ఞ, వీటిలో దేనినైనా ఆధారం చేసుకొని పూరించవచ్చు.

మొదటి పూరణ:

అన్నమొల్లకున్న యాత్మజుఁ గాంచుచుఁ
దినును గాక యనెడి తెలుగు పలుకు
స్పేను నుడిగ మార్చి చేతులు జోడించి
కోమ కోమ యనుచుఁ గోరెఁ దల్లి.

విమర్శ: గణయతులు నిర్దుష్టంగా ఉన్నాయి, తల్లి ఆర్తి మనసును తాకింది. అయితే మూడవ వ్యక్తిని గురించిన కోరికకు ముందు ‘కే’ అనే అవ్యయం ఉండాలి. ‘కే కోమ’ అన్నప్పుడే ‘తినును గాక’ అన్న భావం వస్తుంది. ‘వీవ’ (వర్ధిల్లు గాక) వంటి రూఢమైన జయధ్వానాలలో ‘కే’ లేకున్నా చెల్లుతుంది గాని, ఇక్కడ ఒంటిగా నిలిచిన ‘కోమ’ గౌరవనీయులైన ఎదుటివారితో చెప్పే ‘తినండి’ అవుతుంది. కొడుకును ‘తూ’ (నువ్వు) అని పిలిచే తల్లి నేరుగా చెప్పదలిస్తే ‘కోమె’ (తిను) అంటుంది.

రెండవ పూరణ:

అతిథి వచ్చినంత నాసనం బిచ్చుచు
మెక్సికోను నొక్క మేటి యింటఁ
దినుఁడు తినుఁడనంగఁ దీయని నుడిఁ బల్కి
కోమ కోమ యనుచుఁ గోరెఁ దల్లి.

విమర్శ: ఎంతో సంతోషం కలిగించిన పూరణ. అతిథిని ‘ఉస్తెద్’ (మీరు) అని మన్నించే ఇల్లాలి నోట ‘కోమ’ ఏ ‘కే’ అండా లేకుండా నిలిచింది, రెండుమార్లు అనడం కొసరి వడ్డించే తీరుకు సరిపోయింది. అతిథులు పలువురైతే ‘కోమన్’ అనవలసి వచ్చి సమస్య చెడిపోయేది కనుక ఏకవచనం మంచి ఎంపిక. ‘మేటి’ మాత్రం యతికోసమే వచ్చింది.

మొదటి పూరణకర్త: ఆర్యా, మీ సూచన శిరోధార్యం. రెండు, మూడు పాదాలను సవరించాను.

దినును గాక యనెడి తీరు తోప
ముందు కేనుఁ జేర్చి మ్రొక్కులు చెల్లించి

విమర్శ: ఇప్పుడు వ్యాకరణం కుదిరింది. కాని స్పేను ప్రస్తావన జారిపోయినందువల్ల ‘కోమ’ ఏ భాషాపదమో పాఠకునికి తెలియదు. మొదటి పాదాన్ని ‘స్పేనులోనఁ దినని చిఱుతనిఁ గాంచుచుఁ’ అని మార్చి చూడండి.