షీట్ ఫిల్మ్ కడిగే తొట్టి: పారే నీళ్ళా, మార్చే నీళ్ళా?

చీపురుపల్లి తమ్ముడు
అందరికీ నమస్కారం. ఏడాదిగా 4×5 అంగుళాల షీట్ ఫిల్మ్ మీద ఫొటోలు తీస్తున్నాను, ఈమధ్యే 8×10లో ఎక్స్‌రే ఫిల్మ్ మొదలుపెట్టాను. చిక్కంతా కడగడం దగ్గరే. ట్రేలో ఆరు షీట్లు వేసి తిప్పుతుంటే ఒకదాని మూల ఇంకోదాన్ని గీసేస్తోంది. ఎక్స్‌రే ఫిల్మ్‌కి రెండు వైపులా ఎమల్షన్ (బొమ్మ పడే జిలెటిన్ పొర) కదా, ట్రే అడుగు కూడా గీస్తోంది. బయటి దేశం నుంచి వాషర్ తెప్పించే స్తోమత లేదు. విజయనగరంలో సైన్‌బోర్డులు చేసే ఒకాయన 5 మి.మీ. అక్రిలిక్‌తో తొట్టి చేసిస్తానన్నాడు. ఒక్కో షీటుకి ఒక్కో గది పెట్టించాలనుకుంటున్నాను. నీళ్ళు పైనుంచి రావాలా, కిందనుంచా? బయటికి ఎటు పోవాలి?

గంటస్తంభం
పైనుంచి పడాలి, అడుగునుంచి పోవాలి. కడిగి పోగొట్టాల్సింది హైపోని, అంటే బొమ్మని నిలబెట్టే ఫిక్సర్లోని మందుని. అది నీళ్ళకన్నా బరువు, అడుగుకి దిగిపోతుంది. నీళ్ళు పైనుంచి పొర్లిపోయేలా కట్టించావంటే పైన మంచినీళ్ళు పోతుంటాయి, కింద హైపో కూర్చునే ఉంటుంది. కుళాయి సన్నగా వదిలి అరగంట ఉంచు. మా నాన్నగారి స్టూడియోలో హాఫ్ ప్లేట్ షీట్లు కడిగిన చేతులివి. ఇందులో చర్చించడానికేమీ లేదు తమ్ముడూ.

పలాస జీడి
పాత ఎక్స్‌రే ల్యాబులు డిజిటల్‌కి మారిపోయాక స్టీలు హ్యాంగర్లు పాత ఇనుము కొట్లకి చేరాయి. 8×10 సైజు దొరుకుతాయి, నాలుగు మూలలా క్లిప్పులుంటాయి. ముందు అవి వెతుకు.

వంశధార
గంటస్తంభం మాస్టారూ, ఫిల్మ్ మీద అంటుకొచ్చిన చిక్కటి ఫిక్సర్ కదలని నీళ్ళలో కిందికి జారడం నిజమే. కానీ ఒకసారి నీళ్ళలో కలిసిపోయాక అది మళ్ళీ విడిపోయి అడుగుకి చేరదు. పంచదార కలిపిన గ్లాసు రాత్రంతా ఉంచినా పై గుక్క తియ్యగానే ఉంటుంది కదా. అసలు పని జరిగేది జిలెటిన్ పొరలో. లోపలి హైపో బయటి నీళ్ళలోకి ఊరి వస్తుంది. లోపలా బయటా సమానమయ్యాక ఆగుతుంది. అప్పుడు నీళ్ళు మార్చాలి. ఉప్పుచేపని కుళాయి కింద పెడతామా? నానబెట్టి, పారబోసి, మళ్ళీ నానబెడతాం.

లెక్క చూడండి. ఆరు షీట్లతో 12 మి.లీ. ఫిక్సర్ వచ్చిందనుకుందాం. 3 లీటర్ల తొట్టిలో అది 250వ వంతు అవుతుంది. పారబోశాక షీట్లకి మళ్ళీ అంతే తడి అంటుకుని ఉంటుందనుకుంటే, రెండోసారి మారిస్తే 62,500వ వంతు. అయిదేసి నిమిషాలు నానబెట్టి ఆరుసార్లు మార్చినా 18 లీటర్లే. నిమిషానికి 3 లీటర్ల చొప్పున అరగంట వదిలితే 90 లీటర్లు.

గంటస్తంభం
లెక్కలు కాగితం మీద బాగుంటాయి. నీళ్ళు పారుతుంటే కంటికి కనపడుతుంది. తొట్టిలో నిలబెట్టిన నీళ్ళలో ఏం జరుగుతోందో నీకెలా తెలుస్తుందమ్మా?

కళింగపట్నం లైటు
నానొకటి సెప్తాను. సముద్రం నీల్లతో కడిగితే హైపో బేగి వొదిలేస్తాది. ఎక్కడో సదివాను. మా ఊల్లో రెండు బకెట్లు తెచ్చుకుంటే సరిపోద్ది.

వంశధార
అది నిజమే. ఉప్పునీళ్ళు హైపోని త్వరగా వదిలిస్తాయి. కానీ చివర మంచినీళ్ళతో బాగా కడక్కపోతే ఆ ఉప్పే వెండి బొమ్మని తినేస్తుంది. ఇంట్లో అయితే లీటరుకి 20 గ్రాముల సోడియం సల్ఫైట్ కలిపి రెండు నిమిషాలు ముంచితే అదే పని జరుగుతుంది, ఇసుక ఉండదు.

గంటస్తంభం
ఫిక్సర్లో పటిక వేస్తావా తమ్ముడూ? మే నెలలో డాబా మీది ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాగిపోతాయి. పటిక లేకపోతే ఎమల్షన్ మెత్తబడి అంచుల్లో పొరలు లేస్తుంది. నా కళ్ళతో చూశాను.

వంశధార
పటిక వేస్తే జిలెటిన్ బిగుసుకుని హైపో నెమ్మదిగా వస్తుంది, ఇంకా ఎక్కువసేపు కడగాల్సి వస్తుంది. నేను రాత్రే నీళ్ళు పట్టి మట్టికుండలో పెడతాను. పొద్దున్నే అయిదింటికి కడిగేస్తాను. 18 లీటర్లయితే కుండల్లో చల్లబరచగలం. 90 లీటర్లు ఎవరు చల్లబరుస్తారు?

చీపురుపల్లి తమ్ముడు
క్షమించాలి, నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. కన్నం పైనా, కిందా?

గంటస్తంభం
కింద. వెయ్యిసార్లడిగినా కిందే.
చెల్లెమ్మా, ఒక మాట చెప్పాలి. మున్సిపాలిటీ నీళ్ళు రోజుకి గంటసేపు వచ్చే కాలంలో మా నాన్న కూడా నువ్వు చెప్పినట్టే చేశాడు. తొట్టిలో నీళ్ళు నింపి నాలుగుసార్లు మార్చాడు. ఆ నెగెటివ్‌లు ఇప్పుడు తీసి చూస్తే మొహాల మీద ఆవపొడి చల్లినట్టు పసుపు. కొన్ని గోధుమ రంగుకి తిరిగాయి. రెండు పెట్టెలు పోయాయి. పెళ్ళిళ్ళు, చనిపోయినవాళ్ళ ఆఖరి ఫొటోలు. ఎవరైనా వచ్చి మా తాతగారి ఫొటో ఉందా అనడిగితే ఏం చెప్పాలో తెలీదు నాకు. మార్చే నీళ్ళు ఏం చేస్తాయో నాకెవరూ చెప్పక్కర్లేదు.

వంశధార
బాధగా ఉంది మాస్టారూ. ఒక్కటడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆ తొట్టిలో షీట్లు విడివిడిగా నిలబెట్టారా, ఒకదానిమీద ఒకటి పేర్చారా? ఫిక్సర్ ఎన్ని షీట్లకి వాడేవారు? ఒకదానికొకటి అంటుకున్న షీట్ల మధ్యకి నీళ్ళు వెళ్ళవు, నిలబెట్టినా పారించినా. అరిగిపోయిన ఫిక్సర్ అయితే కరగని వెండి లవణాలు పొరలోనే ఉండిపోతాయి. వాటిని గోదావరంతా పారించినా కడగలేం.

గంటస్తంభం
అంటే మా నాన్నకి పని రాదంటావా? నలభై ఏళ్ళు ఆ చీకటిగదిలో నిలబడ్డ మనిషిని పట్టుకుని అరిగిపోయిన ఫిక్సర్ వాడాడంటావా? ఫిక్సర్ ఖరీదెంతో, ఇంట్లో ఎంతమంది పిల్లలో నీకు తెలుసా?

పలాస జీడి
మాస్టారూ, ఆ అమ్మాయి ఉద్దేశం అది కాదు.

వంశధార
ఆయన్ని నేనొక్క మాట అనలేదు. కానీ నా సంగతి కూడా వినండి. మాది ఉద్దానం. కిడ్నీ జబ్బుల మూలాన బోరు నీళ్ళంటేనే భయపడి పెరిగాం. ఇరవై లీటర్ల డబ్బాలు కొని మా అమ్మ నడుం మీద మోసుకొచ్చేది. ఇప్పటికీ బిందె నిండే చప్పుడు వింటే లేచి వెళ్ళి కుళాయి కట్టేస్తాను. మీరు “సన్నగా వదిలి అరగంట” అన్నప్పుడల్లా నాకు ఆ డబ్బాలే కనపడతాయి. నాలుగు డబ్బాల పైచిలుకు, ఆరు షీట్లకి. కొత్త కుర్రాడికి అదొక్కటే దారని చెప్పడం నాకు నచ్చలేదు. హైపో బరువు సంగతి కాదు నేను ఇంతసేపూ కొట్లాడుతున్నది.

గంటస్తంభం
(మర్నాడు) రాత్రి నిద్రపట్టలేదు. షీట్లు పేర్చేవాళ్ళమే. పదేళ్ళవాణ్ణి, పై షీటు తీసి అడుగున పెట్టడం నా పనే. మధ్యలో ఆటకి పారిపోయేవాణ్ణి.
హైపో మిగిలిందో లేదో తెలుసుకునే చుక్క గురించి ఎక్కడో రాశావు కదా. ఎలా కలపాలి?

వంశధార
100 మి.లీ.కి సిల్వర్ నైట్రేట్ 0.75 గ్రాములు, 28 శాతం అసిటిక్ యాసిడ్ 12.5 మి.లీ., మిగతాది డిస్టిల్డ్ వాటర్. కుళాయి నీళ్ళు వద్దు, వాటిలోని ఉప్పుకి పాలలా తెల్లబడిపోతుంది. గోధుమరంగు సీసాలో ఉంచండి, చేతికి తగిలితే నల్లగా మచ్చ పడుతుంది. బొమ్మ లేని అంచు మీద ఒక్క చుక్క వేసి రెండు నిమిషాలాగి తుడవండి. తెల్లకాగితం మీద పెట్టి చూడండి. లేత మీగడ రంగయితే పరవాలేదు. ముదురు గోధుమ అయితే హైపో మిగిలినట్టే. ఎక్స్‌రే ఫిల్మ్‌కి రెండు వైపులా వెయ్యాలి తమ్ముడూ. ఇది హైపోకే. వెండి మిగిలిందేమో చూడ్డానికి సోడియం సల్ఫైడ్ చుక్క వేరే ఉంది, అది తర్వాత రాస్తాను.

తొట్టికి అడుగున వాల్వు పెట్టించు, పూర్తిగా ఖాళీ అయ్యేలా. పైన పొర్లే కన్నం కూడా ఒకటి ఉండనీ. కుళాయి బాగా వచ్చిన రోజు మాస్టారు చెప్పినట్టు పారించుకో, రాని రోజు నింపి వంపుకో. గదుల గోడలకి నిలువు గాట్లు పెట్టించు. ఫిల్మ్ వీపు నున్నటి అక్రిలిక్‌కి అంటుకుంటే అక్కడ నీళ్ళు ఆడవు, 4×5 ఫిల్మ్ వెనక పూసిన రంగు వదలదు.

గంటస్తంభం
అంచు చుక్క ముందు ఊరివాళ్ళెవరిదో పాడైన షీటు మీద వేస్తాను. మా అమ్మ పెళ్ళినాటి షీటొకటి ఉంది, దానిమీద మాత్రం వెయ్యను.

చీపురుపల్లి తమ్ముడు
షాపాయనతో మాట్లాడాను. గాట్లకి వేరే డబ్బులడుగుతున్నాడు. వాల్వు అక్వేరియం కొట్లో తెచ్చుకోమన్నాడు. మంగళవారం రమ్మన్నాడు.