ఆక్సిజన్ లోహమా? ఖగోళ శాస్త్రానికి ఈ మినహాయింపు ఎందుకు?

ఆవర్తన:
నక్షత్రాల గురించి ఏ వ్యాసం తీసినా ఇదే గొడవ. హైడ్రోజన్, హీలియం తప్ప మిగిలిన మూలకాలన్నిటినీ ఖగోళ శాస్త్రజ్ఞులు ‘లోహాలు’ అనేస్తారు. కార్బన్ లోహం, నియాన్ లోహం, ఆక్సిజన్ లోహం! సూర్యుడి ద్రవ్యరాశిలో వారు చెప్పే లోహాల వాటా 2 శాతం లోపే. అందులో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఆక్సిజన్, తర్వాత కార్బన్. అంటే వారి లోహాల పట్టీలో మొదటి రెండు స్థానాలూ అలోహాలవే. ఎలక్ట్రాన్లను సులభంగా వదులుకునేది, విద్యుత్తును ప్రసరింపజేసేది లోహమని నేను ఏళ్ల తరబడి పాఠం చెబుతున్నాను. ఒకరి బద్ధకానికి ఇంకొకరి పాఠం ఎందుకు బలికావాలి?

చుక్కలలెక్క:
బద్ధకం కాదు, అవసరం. నక్షత్రం లోపల ఉన్నదంతా ప్లాస్మా, అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన మహా వేడి వాయువు. అక్కడ స్ఫటికాలూ లేవు, రసాయన బంధాలూ లేవు. ఇనుము కూడా అక్కడ మీ పుస్తకంలోని ఇనుములా ప్రవర్తించదు. మీ విభజన నిలబడటానికి అక్కడ నేలే లేదు. మాకు కావలసిన విభజన వేరు: విశ్వం పుట్టిన తొలి నిమిషాల్లో ఏర్పడినవి ఏవి, ఆ తర్వాత ఎక్కువగా నక్షత్రాల్లో తయారైనవి ఏవి? (తొలి నిమిషాల్లో కొద్దిగా లిథియం కూడా పుట్టింది, అది వేరే కథ.) నక్షత్రపు కాంతిని విడదీసి చూసే వర్ణపటంలో ఇనుముకు గుర్తుగా కనిపించే గీతలు బోలెడు, కొలవడం సులువు. అందుకే లోహత్వాన్ని, అంటే నక్షత్రంలోని మా ‘లోహాల’ వాటాను, సాధారణంగా హైడ్రోజన్‌తో పోలిస్తే ఇనుము ఎంత ఉందో చూసి చెబుతాం.

దారినపోయేవాడు:
బరువు ఎత్తి పట్టుకుని గంటసేపు కదలకుండా నిలబడితే, భౌతికశాస్త్రం ప్రకారం ఆ బరువు మీద నేను చేసిన పని సున్నా. దాని మీద ఎవరూ ఇంత గొడవ చేయలేదు.

ఆవర్తన:
చుక్కలలెక్క గారూ, లిథియం తొలి నిమిషాల్లోనే పుట్టిందని మీరే అన్నారు. మరి అది మీ లోహాల్లో ఎందుకుంది?

చుక్కలలెక్క:
అత్యల్పం కాబట్టి. లెక్కలో తేడా రాదు.

ఆవర్తన:
అత్యల్పమైతే నిర్వచనం వంగుతుందా? ఆ ఒక్కదానికి జవాబు చెప్పండి.

చుక్కలలెక్క:
చెబుతాను. ముందు మీ ఇంటి సంగతి చూడండి. తగరం 13 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే మెల్లగా బూడిదరంగు పొడిగా మారుతుంది, లోహ స్వభావం పోతుంది. ఒకే మూలకం వేసవిలో లోహం, చలికాలంలో కాదు! ఆర్సెనిక్‌ను మీరు అర్ధలోహం అంటారు, నీటి కాలుష్యం మాట వచ్చేసరికి అది ‘భార లోహం’ అవుతుంది. ఆ మాట అర్థరహితమని, తప్పుదారి పట్టిస్తుందని మీ రసాయన శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంస్థ ఐయుపాక్ నివేదికే 2002లో చెప్పింది. అయినా వాడకం ఆగలేదు.

నీలిరాయి:
గురుగ్రహం లోపలి పీడనానికి హైడ్రోజన్ ద్రవలోహంలా మారి విద్యుత్తును ప్రసరింపజేస్తుందంటారు. ఖగోళ పట్టీలో అది లోహం కాదు, పాఠ్యపుస్తకంలోనూ కాదు. ఇద్దరూ ఒకసారి చూస్తారా?

ఆవర్తన:
తర్వాత చూద్దాం. తగరం గురించి నాకు పాఠం అక్కరలేదు. మా విద్యార్థి పరీక్షలో ‘ఆక్సిజన్ లోహం’ అని రాశాడు. కొట్టేశాను. వాళ్ల నాన్నగారు ఎక్కడో అచ్చయిన వాక్యం తెచ్చి, అందరి ముందూ నన్ను నిలదీశారు. మార్కు పోయింది పిల్లవాడికి, పరువు పోయింది నాకు. ఆ వాక్యం రాసినవారికి పోయిందేమీ లేదు.

అచ్చుప్రతి:
ఇంతసేపూ ఊరుకున్నాను. ఆ రకం వ్యాసాలను అనువదించేవారిలో నేనొకరిని. ఒకసారి సంపాదకులు నా ‘లోహాలు’ అన్నీ తీసేసి ‘భార మూలకాలు’ అని పెట్టారు. భార మూలకమంటే చాలామందికి యురేనియం తడుతుంది. కార్బన్ భార మూలకమా అని ఉత్తరాలు వచ్చాయి. తిట్లు తిన్నది నేను. మాట మారిస్తే సమస్య పోతుందనుకునేవారు ఒకసారి మార్చి చూడండి.

ఆవర్తన:
అయితే పిల్లలు నష్టపోవాలి, మీ వ్యాసం మాత్రం అందంగా ఉండాలి. అంతేనా?

అచ్చుప్రతి:
అందం ఊసు నేనెత్తలేదు. ఆ తండ్రిగారు చూపిన వాక్యానికి ముందు ఏముందో చదివారా?

ఆవర్తన:
చదివాను. ‘ఈ వ్యాసంలో లోహం అంటే’ అంటూ మొదటి పేరాలో వివరణ ఉంది.

చుక్కలలెక్క:
ఉందా! మరి ఇంతసేపూ దేనికి కొట్లాట?

ఆవర్తన:
దీనికే. మొదటి పేరాను ఎవరూ కత్తిరించి పంపరు, మూడో పేరాలోని వింత వాక్యాన్నే పంపుతారు. పిల్లవాడికి చేరింది అదొక్కటే. ఏ వాక్యానికి ఆ వాక్యం విడిగా నిజమై ఉండాలన్నదే నా పట్టు. ‘ఖగోళ శాస్త్ర పరిభాషలో’ అనే రెండు మాటలు ప్రతిసారీ రాయడానికి చేతులు నొప్పెడతాయా?

అచ్చుప్రతి:
నొప్పెడతాయి. నక్షత్రాల వ్యాసంలో ఆ మాట ముప్పైసార్లు వస్తుంది. ముప్పైసార్లూ అలా రాస్తే చదివేవారు రెండో పేజీకి రారు. మొదట ఒకసారి చెప్పి, పాఠకుడు గుర్తుపెట్టుకుంటాడని నమ్మడమే నా పద్ధతి. కత్తిరించేవారి కోసం నేను రాయలేను.

ఆవర్తన:
నేను దిద్దేది ఆ కత్తిరించినవి చదివి వచ్చినవారి జవాబు పత్రాలనే. లిథియం సంగతి ఇంకా తేలలేదు, చుక్కలలెక్క గారూ.