వ్యంగ్యం నిజంగా ఎవరినైనా జవాబుదారీ చేయగలదా?

చర్చ ప్రారంభించినవారు:
వార్తా సంస్థలనూ నాయకులనూ నిలదీసే పనిని విలేకరుల కంటే వ్యంగ్యకారులే బాగా చేస్తున్నారన్న మాట తరచుగా వినిపిస్తోంది. నాకు ఆ నమ్మకం లేదు. నవ్వుకున్న ప్రేక్షకుడు తన వంతు అయిపోయిందనుకుని టీవీ కట్టేస్తాడు, అవతల ఏదీ మారదు. వ్యంగ్యం వల్ల నిజంగా మారినదేమైనా ఉందా?

మొదటి సమాధానం:
ఉంది. 2004 అక్టోబరులో అమెరికన్ హాస్య వ్యాఖ్యాత జాన్ స్టీవార్ట్, సీఎన్ఎన్ చర్చా కార్యక్రమం 'క్రాస్‌ఫైర్'కు అతిథిగా వెళ్లి, చర్చ పేరిట పార్టీల ప్రచారాన్ని వల్లించడం దేశానికి హాని చేస్తోందని ఆ వ్యాఖ్యాతలకు ముఖం మీదే చెప్పారు. 2005 జనవరిలో ఆ కార్యక్రమాన్ని ఆపేస్తున్నట్లు ప్రకటించిన చానెల్ అధ్యక్షుడు జొనాథన్ క్లైన్, స్టీవార్ట్ విమర్శతో తానూ ఏకీభవిస్తున్నానన్నారు.

రెండో సమాధానం:
అదే పేరుతో అదే కార్యక్రమం 2013లో తిరిగి వచ్చిందని కూడా చెప్పాలి. పైగా, రాజకీయ అతిథులను మీ కార్యక్రమంలో మీరెందుకు గట్టిగా ప్రశ్నించరని ఆ రోజు క్రాస్‌ఫైర్ వ్యాఖ్యాతలు అడిగినప్పుడు, తనది హాస్య కార్యక్రమమేనని స్టీవార్ట్ పక్కకు తప్పుకున్నారు.

మూడో సమాధానం:
మీరిద్దరూ వ్యంగ్యాన్ని ఒంటరిగా నిలబెట్టి తూకం వేస్తున్నారు, నా అభ్యంతరం అక్కడే. న్యూయార్క్ నగర ఖజానాను దోచుకున్న రాజకీయ నాయకుడు విలియం ట్వీడ్ ముఠా మీద 'హార్పర్స్ వీక్లీ'లో థామస్ నాస్ట్ కార్టూన్లు గీస్తున్న కాలంలోనే, 1871 జులై నుంచి 'న్యూయార్క్ టైమ్స్' నగర లెక్కల పుస్తకాల్లోని అంకెలను అచ్చువేసింది. ఏ పనికి ఎంత బిల్లు చెల్లించారో ఆ అంకెలు చెబితే, ఆ డబ్బు ఎవరి దగ్గరకు చేరిందో నాస్ట్ బొమ్మలు చదువురానివారికి సైతం తెలియజేశాయి. ఆ నవంబరు ఎన్నికల్లో ముఠా అభ్యర్థుల్లో చాలామంది ఓడిపోయారు. ట్వీడ్ తాను గెలిచినా 1873లో కోర్టు అతణ్ని దోషిగా తేల్చింది. తర్వాత నిర్బంధం నుంచి పారిపోయిన అతణ్ని 1876లో స్పెయిన్‌లో గుర్తుపట్టింది కూడా నాస్ట్ బొమ్మ సాయంతోనే.

వార్తా చానెళ్ల విషయంలో ఆ లెక్కల పుస్తకాల పని పాత వీడియోలు చేస్తాయి. ఒకే యాంకర్ పరస్పర విరుద్ధంగా అన్న రెండు మాటలను పక్కపక్కన చూపిస్తే, వేరే వ్యాఖ్యానం లేకుండానే ప్రేక్షకుడికి విషయం బోధపడుతుంది. అయితే ముందువెనుకలు కత్తిరించి చూపిస్తే అది అబద్ధమే అవుతుంది కాబట్టి, హాస్యమన్న సాకును నేనూ ఒప్పుకోను. పొరబాటు జరిగితే పత్రికలు వేసే సవరణను వ్యంగ్యకారుడూ వేయాలి.

చర్చ ప్రారంభించినవారు:
ట్వీడ్ ఉదాహరణను అంగీకరిస్తున్నాను. అయితే 2011లో మరో అమెరికన్ హాస్య వ్యాఖ్యాత స్టీఫెన్ కోల్బేర్ అక్కడి ఎన్నికల సంఘం అనుమతితోనే 'సూపర్ పాక్' (ఎన్నికల ప్రచారం కోసం పరిమితి లేకుండా విరాళాలు తీసుకోగల) నిధి స్థాపించి, పది లక్షల డాలర్లకు పైగా విరాళాలు సేకరించి, ఎన్నికల్లో డబ్బు ప్రవాహానికి నిబంధనలు ఎంతగా దారి వదిలాయో కళ్లకు కట్టారు. అక్కడ అంకెలూ ఉన్నాయి, వ్యంగ్యమూ ఉంది, జనానికి విషయమూ అర్థమైంది. అయినా ఆ నిధుల పద్ధతి ఇప్పటికీ కొనసాగుతూనే ఉంది గనుక, నా మొదటి ప్రశ్నను నేను ఇంకా వెనక్కి తీసుకోలేను.