కంటోన్మెంట్ పాత క్వార్టర్స్: స్లాబ్ పెచ్చులు ఊడుతుంటే ఏం చూడాలి?

తిరుమలగిరి_ఇల్లాలు
మావారి పోస్టింగ్ వల్ల ఇక్కడి పాత క్వార్టర్‌లోకి వచ్చాం. గ్రౌండ్ ఫ్లోర్. మొన్నటి వానకి వంటింటి స్లాబ్ నుంచి అరచేయంత పెచ్చు ఊడి పొయ్యి పక్కన పడింది. పైకి చూస్తే తుప్పు పట్టిన చువ్వ. మేస్త్రీ వచ్చి సిమెంటు పూస్తే సరిపోతుందంటున్నాడు. పాపకి మూడేళ్ళు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా జరిగిందా?

మాజీ_హవల్దార్
అమ్మా, ముందు పాపని ఆ గదిలోకి రానివ్వకండి. మేం మెహదీపట్నం వైపు ఉన్నప్పుడు ఇలాగే పూత పూశారు. రెండో వానాకాలానికి అదే చోట అంతకన్నా పెద్ద ముక్క పడింది. లోపలి తుప్పు తీయకుండా పైన పూస్తే నిలవదు.

ఇంజనీర్_సైనిక్‌పురి
హవల్దార్ గారు చెప్పింది నిజం. తుప్పు పట్టిన ఇనుము అసలు పరిమాణానికి 2 నుంచి 6 రెట్లు ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికే పెచ్చు ఊడుతుంది. కాబట్టి ఊడిన చోటుకన్నా ఊడబోయే చోటు ఎక్కడుందో చూడాలి. తెలిసినవాళ్ళతో చిన్న సుత్తి పెట్టి స్లాబ్ అంతా తట్టించండి. డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీయించండి.

రీబౌండ్ హ్యామర్ (కాంక్రీటు పైపొర గట్టిదనం చూసే పరికరం) ఒక్కటే కొట్టి బాగుందంటే మాత్రం ఒప్పుకోకండి. పాత కాంక్రీటులోకి ఏళ్ళ తరబడి కార్బన్ డయాక్సైడ్ దిగితే పైపొర గట్టిపడి రీడింగ్ ఎక్కువ వస్తుంది. కానీ అదే కాంక్రీటు పీహెచ్ (క్షారగుణం కొలత) 12 పైనుంచి 9 దగ్గరికి పడిపోయి చువ్వకి రక్షణ పోతుంది. అప్పుడే పగలగొట్టిన ముఖం మీద ఫినాఫ్తలీన్ అనే రంగు మారే ద్రావణం చల్లితే బాగున్నది గులాబీ రంగుకి మారుతుంది, పాడైనది మారదు. రంగు మారని లోతు చువ్వ దాకా వచ్చిందంటే చువ్వకి తుప్పు రక్షణ లేనట్టే. హాఫ్ సెల్ పరీక్ష (చువ్వకి తుప్పు నడుస్తోందా అని వోల్టేజీతో చూసేది) కూడా అడగండి. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా కిందికి వెళ్తే తుప్పు నడుస్తుండే అవకాశం 90 శాతం పైనే.

మీ వంటింటి పైన ఏముంది?

విశాఖ_నేవీ_కుటుంబం
మా దగ్గర సముద్రపు ఉప్పుగాలి కాబట్టి కాంక్రీటులో ఉప్పు ఎంతుందో చూసే క్లోరైడ్ పరీక్ష కూడా చేయించారు.

ఇంజనీర్_సైనిక్‌పురి
హైదరాబాద్‌లో ఆ ఉప్పుగాలి లేదు. ఇక్కడ ముందు నీటి లీకు వెతకాలి.

తిరుమలగిరి_ఇల్లాలు
సర్, పైన బాత్రూమే! ఫొటోలు, తేదీలు పెట్టి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. ఈరోజు మనుషులు వచ్చి తట్టి చూశారు. గోడ పొడవునా స్లాబ్ డొల్లే. పై ఇంటి నహానీ ట్రాప్ (బాత్రూమ్ నేల మీది నీళ్ళు పోయే చోటు) దగ్గర కారుతోంది. స్లాబ్ కింద జాకీలు నిలబెట్టారు. ట్రాప్ మార్చి, చెమ్మ ఆరాక, చువ్వల వెనక దాకా కొట్టి తుప్పు గీకి, అప్పుడే మోర్టార్ వేస్తామన్నారు.

ఇంజనీర్_సైనిక్‌పురి
తుప్పు గీకాక చువ్వ మందం కొలవమనండి. బాగా సన్నబడితే పక్కన కొత్త చువ్వ కట్టాలి. మోర్టార్ వేసేలోపే ఇది అడగండి.