విత్తనం నుంచి బోన్సాయ్ అసలు వస్తుందా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో బోన్సాయ్ విత్తనాలని ప్యాకెట్ తెప్పించా, జాపనీస్ మేపుల్ అని రాసుంది, కుండీలో వేసి 40 రోజులైంది రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నా ఒక్కటంటే ఒక్కటి మొలవలా. ఎక్కడ తప్పు చేశానంటారు?

జవాబు 1: బోన్సాయ్ విత్తనాలని వేరే ఏం ఉండవండీ, మామూలు చెట్టు విత్తనాలే, పొట్టిగా ఉంచేది మన కత్తిరింపులే. మేపుల్ గింజకి చలి తగలాలి, లేకపోతే నిద్ర లేవదు, అంటే మొలవదు. ఒక రోజంతా నానబెట్టి, తడి ఇసుకలో కలిపి, కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో (ఫ్రీజర్ కాదు బాబోయ్) 4 డిగ్రీల దగ్గర 3 నెలలు ఉంచండి, మధ్యలో బూజు పట్టిందేమో చూస్కోండి.

జవాబు 2: మొలిచాక వెంటనే చిన్న ట్రేలోకి మార్చకండి, నేనదే చేసి 4 ఏళ్లయినా పెన్సిలంత కూడా లావెక్కని కాండం చూస్కుంటూ కూర్చున్నా. ముందు నేలలోనో పెద్ద కుండీలోనో కొన్నేళ్లు వదిలేయాలి.

ప్రశ్న అడిగినవారు: అమ్మో 3 నెలలా... పోనీ చింతగింజ వేస్తే?

జవాబు 1: బ్రహ్మాండం, దానికి చలి అక్కర్లేదు. పెంకు గరుకు కాగితంతో కాస్త రుద్ది రాత్రంతా నానేయండి చాలు. నీళ్లు మాత్రం తగ్గించండి, తడి ఎక్కువైతే మొలక మొదట్లోనే కుళ్లి వాలిపోద్ది.